చన్నీటి మడుగు దగ్గర కనకదుర్గ

ఆ వాగు పేరు నేను చెప్పను. ఒకసారి చెప్పినందుకు ఏం జరిగిందో రాయడానికే కూర్చున్నాను. మళ్లీ చెప్పానంటే నాకంటే బుద్ధిలేనివాడు ఉండడు. పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుకి రెండు గంటలు డ్రైవ్ చేస్తే, కొలంబియా నదిలో వచ్చి కలిసే చిన్న కొండవాగు అది. ఇంతకుమించి అడగొద్దు.

నేను రాయదలచుకున్నది మా కనకదుర్గ వదిన గురించి. వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు. ఆమె భర్త శ్యామ్‌సుందర్, నేను హిల్స్‌బరోలో ఒకే ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాం. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద, కాబట్టి ఆమె వదిన. నాకు కోపం ఎక్కువని మా ఆవిడతో సహా అందరూ అంటారు. ఉంది, కాదనను. అయితే ఆ కోపం ఎవరి మీద ఉండాలో ఇది చదివాక మీరే చెప్పండి.

ఆమెది నరసాపురం. తండ్రి చేపల రేవు పక్కన ఐస్ ఫ్యాక్టరీలో మెకానిక్. ఆమె ముత్తుకూరులో ఫిషరీస్ చదివి, భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో చేరింది. ఎండాకాలం పొద్దున్నే రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి ల్యాబు మెట్ల మీద కూర్చునేవారట. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ నిలవదు, రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఏ చెరువులో ఎప్పుడు తిప్పాలో ఇరవై నాలుగేళ్ల ఆడపిల్ల చెప్తుంటే పెద్ద పెద్ద ఆసాములు కిక్కురుమనకుండా విని వెళ్లేవారట. అలాంటి మనిషి పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే హక్కు లేక పదకొండేళ్లు ఇంట్లో ఉండిపోయింది. ఆ పదకొండేళ్లూ మేం ఆమె చేతి చేపల పులుసు తిని, "వదినా, మీరు రెస్టారెంట్ పెట్టేయాలి" అన్నాం. ఏం చదివారని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు.

గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాది, నలభై మూడేళ్ల వయసులో, నది మీద చేపల సర్వే చేసే సీజనల్ ఉద్యోగానికి అప్లై చేసింది. మే నుంచి అక్టోబరు దాకా పని. రొమ్ము దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని వాగుల్లో దిగాలి. నీటి వేడి కొలవాలి. గాలం వేసేవాళ్ల దగ్గరికి వెళ్లి ఎంతసేపు వేశారు, ఏం పట్టారు అని అడిగి రాసుకోవాలి, పట్టిన చేపని కొలవాలి. మనవాళ్ల పిల్లలు "ఫిష్ ఆంటీ" అన్నారు. పిల్లలు అనడం వేరు. పెద్దవాళ్లు కూడా పార్టీల్లో ఆమె వచ్చి కూర్చోగానే ఒకరినొకరు చూసుకుని ముక్కు ఎగబీల్చి నవ్వేవారు. చేప తినేటప్పుడు రాని వాసన, చేపతో పనిచేసే మనిషి దగ్గర వచ్చేదట! లేచి చెంప పగలగొట్టాలనిపించేది నాకు. పగలగొట్టలేదు. అక్కడే కూర్చుని పకోడీలు తిన్నాను.

పోయిన ఆగస్టులో ఒకరోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో పడుకుని ఉంటే వదిన ఫోన్ చేసింది.

"జగదీష్, ఊరికే పడుకోకపోతే నాతో రాకూడదూ? నీకొకటి చూపిస్తా."

వెళ్లాను. బయట ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండ. గట్టు దిగి నదిలో చెయ్యి పెట్టమంది. పొద్దున బకెట్లో పట్టి మరిచిపోయిన స్నానం నీళ్లలా తగిలింది.

"ఇరవై రెండు డిగ్రీలు. ఇరవై దాటితే సాల్మన్‌కి కష్టం. ఎండలొక్కటే కాదు, ఆనకట్టలు కట్టి నది నడక ఆపేశారు కదా, ఆగిన నీళ్లు కాగిపోతాయి. ఇటు రా, ఇప్పుడిక్కడ పెట్టు."

వాగు వచ్చి కలిసే చోట చెయ్యి పెట్టగానే వేళ్లు జిల్లుమన్నాయి. అక్కడ పదహారు డిగ్రీలు. కొండ మీది నుంచి చెట్ల నీడలో వచ్చే నీళ్లు. మడుగు పెద్దదేమీ కాదు, టెన్నిస్ కోర్టులో సగం ఉంటుంది. అడుగున నల్లగా కనిపించినవి రాళ్లనుకున్నాను. కాసేపటికి ఒక రాయి తోక కదిపింది. చేయి పొడవు సాల్మన్ చేపలు, ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ, మూతులన్నీ వాగు వైపే పెట్టి నిలబడి ఉన్నాయి. నాలుగు వందలకి తక్కువ ఉండవంది వదిన.

"సముద్రం వదిలాక ఇవి మేత ముట్టవు జగదీష్. ఒంట్లో ఉన్న కొవ్వుతోనే మొత్తం దారి ఈదాలి. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆ కొవ్వు గబగబా కరిగిపోతుంది, ఊపిరి అందదు, ఒంటి మీద బూజు పడుతుంది. అందుకని చల్లటి వాగు దొరికిన చోట ఇలా ఆగిపోతాయి. నది చల్లబడేదాకా. ఒక్కోటి మూడు వారాలు కూడా ఉంటుంది."

"ఆగితే బతికిపోయినట్టేనా?"

"ఎక్కడ? ఆగినా కరుగుతూనే ఉంటుంది, కాకపోతే కాస్త నిదానంగా. తొందరపడి వెళ్తే వేడికి పోతుంది. మరీ ఆలస్యం చేస్తే గుడ్లు పెట్టే చోటు చేరేసరికి ఓపిక ఉండదు. ఎప్పుడు కదలాలో తేల్చుకోలేక రోజూ ఇలా నిలబడి ఉంటాయి."

ఇక్కడ గాలం వేయడం తప్పు కాదా అని అడిగాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"చట్టప్రకారం తప్పు కాదు. అదే నా ఏడుపు. వేరే కొన్ని వాగుల దగ్గర ఎండలు ముదిరే నెలల్లో ఫిషింగ్ మూసేశారు. ఇక్కడ మూయలేదు. ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలు మూయమని మూడేళ్లుగా రిపోర్టులు రాస్తున్నా. డిసెంబర్‌లో దాని మీద హియరింగ్ ఉంది. ఎవరికీ పెద్దగా తెలియని చోటు కాబట్టి ఈ ఏడు గడిస్తే చాలు."

ఎవరికీ చెప్పొద్దని ఆమె నాతో అనలేదు. అనాల్సిన అవసరం ఉందనుకోలేదు. నా మీద అంత గురి.

మర్నాడు శుక్రవారం. వెంకటస్వామి గారింట్లో భోజనాలు. ఆయన మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు. రావులపాలెం మనిషి, అరవై దాటాయి. కొత్తగా వచ్చినవాళ్లకి ఇల్లు వెతికిపెట్టేది ఆయనే, ఆస్పత్రిలో ఉంటే క్యారేజీ పంపేది ఆయనే. అందుకని ఆయన ఏమన్నా ఇక్కడ ఎవరూ కాదనరు. ఆ రోజు పులస కబుర్ల మీద పడ్డాడు.

"గోదాట్లో పులసకి అంత రుచి ఎందుకొస్తదండీ? సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటా వస్తది కాబట్టి. ఉప్పు పోయి ఏటినీరు పడతది. ఈ సాల్మనూ అంతే కదా! మనోళ్లు స్టోర్‌లో సముద్రపుది కొనుక్కొచ్చి చప్పగా ఉందంటారు. ఏట్లో నూట యాభై మైళ్లు పైకొచ్చిందాన్ని పట్టి, బెండకాయలేసి, దాకలో పులుసు పెట్టి మర్నాడు తింటే తెలుస్తది సాల్మన్ అంటే ఏంటో."

అందరికీ నోరూరింది. గోదావరి జిల్లాలవాళ్లం సగం మందిమి ఉన్నాం అక్కడ. పులస సంగతి నిజమే కావచ్చు. సాల్మన్‌కి అది తలకిందులు. పైకి వచ్చే కొద్దీ దాని ఒంట్లో ఏమీ మిగలదు. ఈ సంగతి ముందురోజే విని ఉన్నాను. అక్కడున్న పాతికమందిలో అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నోరు తెరిచాను కూడా. తెరిచి ఏమన్నాను? "అలాంటి చోటు నాకు తెలుసండీ, నిన్ననే చూశాను, వందల్లో ఉన్నాయి" అన్నాను. గొప్ప కోసం. నలుగురూ నా వైపు తిరుగుతారని.

తిరిగారు. పక్కనే ఉన్న నిశాంత్ అనే ఎమ్మెస్ కుర్రాడు, "అన్నా, లొకేషన్ పిన్ షేర్ చెయ్యవా?" అన్నాడు. చేశాను. ఐస్‌క్రీమ్ వచ్చేలోగా వాట్సాప్‌లో 'పులస పార్టీ' అని గ్రూపు తయారైంది. ఎనిమిది కార్లు, పద్దెనిమిది లైసెన్సులు, ఆదివారం ప్రయాణం.

శనివారం పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. శ్యామ్ కూడా గ్రూపులో ఉన్నాడు, ఆయన ఫోన్‌లో చూసిందట.

"నువ్వే చెప్పావా?"

"నోరు జారింది వదినా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. "నేను చెప్తే ఫిష్ ఆంటీ చాదస్తం అంటారు. మీ అన్నయ్యే వినట్లేదు, 'అందరూ వెళ్తుంటే మనం మానేస్తే బాగోదు' అంటున్నాడు. వెంకటస్వామి గారు నీ మాట వింటారు. ఫోన్ చేసి ఒక్కమాట చెప్పు జగదీష్. రుచి ఉండదని చెప్పు, పాపమని చెప్పు, ఏదో ఒకటి చెప్పి ఆపు. ఆ చేపలకి వేరే చోటు లేదు" అంది.

"సరే వదినా, చెప్తా" అన్నాను.

చెప్పలేదు. ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. పెద్దాయన ఉత్సాహంగా ఉన్నాడు, దాకలు కడిగించి పెట్టాడు, పిల్లలకి గాలాలు కొన్నాడు. ఇప్పుడు వద్దంటే ఏమనుకుంటాడు? నిన్న చోటు చెప్పింది నువ్వే కదా అంటే ఏమంటాను? మొహమాటం. ఎంత మెత్తటి పేరు పెట్టుకున్నాం దానికి! ఏదో సుగుణమైనట్టు, పెంపకం బాగున్నట్టు. పిరికితనం అంటే సరిపోయేది. ఎదుటివాడి ముఖం ఒక్క నిమిషం చిన్నబోకుండా ఉండటానికి మనం ఎంతకైనా తెగిస్తాం. ఎవరో ఒకరు చచ్చినా ఫర్వాలేదు, అక్కడ "ఛ, బాగోదు" అనిపించుకోకపోతే చాలు.

ఆదివారం వెళ్లాం. నేనే ముందు కారు, దారి చూపించాలి కదా. గొడుగులు పాతారు, మడత కుర్చీలు వేశారు, గ్యాస్ పొయ్యి మీద ఉప్మా చేశారు. మడుగు చుట్టూ పద్దెనిమిది గాలాలు పడ్డాయి. చేపలు మేత ముట్టవు గానీ, మూతి ముందు మెరిసే రేకు మాటిమాటికీ ఆడుతుంటే చిరాకుకో, భయానికో ఒక్కోటి నోరు వేస్తుంది. అసలే కదల్లేకుండా ఇరుక్కుని ఉన్నాయి. గంటలో నాలుగు పడ్డాయి. ప్రతిదానికీ చప్పట్లు, సెల్ఫీలు.

పదింటికి వదిన వచ్చింది. పార్టీకి కాదు, డ్యూటీకి. తలకి టోపీ, చేతిలో కాగితాలు పెట్టి రాసుకునే అట్ట, కొలబద్ద. వెంకటస్వామి గారు ఎంతో ప్రేమగా, "రామ్మా దుర్గా, నీ చెయ్యి పడితేనే పులుసుకి రుచి" అన్నారు. ఆమె ఆయన ఎదురుగా నిలబడి, "ఎన్నింటికి మొదలుపెట్టారండీ? ఎన్ని పట్టారు?" అని ఇంకెవరినో అడిగినట్టు అడిగింది. ఆయన నవ్వుతూ చెప్పాడు. రాసుకుంది. పక్కవాడిని అడిగింది. రాసుకుంది. ఒక్కో చేపనీ నేల మీద పరిచి కొలిచింది. తన భర్త దగ్గరికి వచ్చినప్పుడు కూడా అదే ప్రశ్న, అదే గొంతు. శ్యామ్ తల దించుకుని "ఒకటి" అన్నాడు. అన్నిట్లోకీ పెద్దది. ఆడచేప. కొలవడానికి ఎత్తితే పొట్ట కింది నుంచి ఎర్రటి గుడ్లు గులకరాళ్ల మీద పడ్డాయి. వదిన కాసేపు వాటినే చూసి, అట్ట మీద ఏదో రాసుకుని పక్కవాడి దగ్గరికి వెళ్లింది.

నాలుగుకి మించి పడకపోయేసరికి నిశాంత్‌కి ఒక ఆలోచన వచ్చింది. అవతలి వైపు నుంచి నీళ్లలోకి దిగి చేపల్ని ఇటు తోలదామన్నాడు. ముగ్గురు దిగారు, కాళ్లతో నీళ్లు చిమ్ముతూ, కేకలేస్తూ. మడుగంతా ఒక్కసారి బద్దలైనట్టయింది. వందల చేపలు ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికి, ఆ కాగిన నదిలోకి దూసుకుపోయాయి.

"బయటికి రండి! ముందు బయటికి రండి!" అని అరిచింది వదిన. ఆమె అంత గట్టిగా అరవడం నేను వినడం అదే మొదటిసారి. "అవి వెళ్లేది వేడినీళ్లలోకి! చచ్చిపోతాయి, వినపడట్లేదా మీకు?"

ఒకరిద్దరు ఆగారు. వెంకటస్వామి గారు, "చేపలమ్మా అవి, ఈదుకుంటాయిలే, నువ్వు టెన్షన్ పడకు" అన్నారు. అంతా నవ్వారు. వదిన నా వైపు చూసింది. సరిగ్గా నా వైపే. నేను మడత కుర్చీలో కూర్చుని ఉన్నాను, చేతిలో కాఫీ ఉంది. లేవలేదు.

ఆరోజు పట్టినవి పద్నాలుగు. బెదిరి నదిలోకి పారిపోయినవాటిలో ఎన్ని తిరిగొచ్చాయో, ఎన్ని రాలేదో తెలియదు. బుధవారం నాటికి దిగువన గట్టుకి కొట్టుకొచ్చినవాటిని వదిన ఏరి లెక్కపెట్టింది. అరవై మూడు. వాటి మొప్పలు తెల్లగా పాలిపోయి ఉన్నాయట. ఈలోగా నేను పంపిన పిన్ సియాటెల్ గ్రూపుల దాకా వెళ్లింది. గ్రూపులోంచి డిలీట్ చేశాను, అప్పటికే ఎంతమంది సేవ్ చేసుకున్నారో!

సోమవారం సాయంత్రం పులుసు తినడానికి మళ్లీ వెంకటస్వామి గారింట్లో చేరాం. వదిన రాలేదు. ముక్క గరిటెకి రాలేదు, పీచుపీచుగా విడిపోయి పులుసులో కలిసిపోయింది. పాచి నీళ్ల వాసన. నోట్లో పెట్టుకుంటే తడిసిన అట్ట నమిలినట్టుంది. కొవ్వు లేదు, రుచి లేదు, ఉండటానికి ఆ ఒంట్లో ఏం మిగిలిందని? "అద్భుతం అండీ" అన్నారు ఒకరు. "మా అమ్మమ్మ చేతి పులుసు గుర్తొచ్చింది" అన్నారు ఇంకొకరు. నేను "బాగుందండీ" అన్నాను. ఆ తర్వాత వంటింటి తలుపు దగ్గర ఒక్కొక్కరం ప్లేటు తీసుకెళ్లి, ఎవరి కంటా పడకుండా నల్ల గార్బేజ్ బ్యాగులోకి వంచేశాం. రెండు బ్యాగులు నిండాయి.

డిసెంబరులో హియరింగ్ ఒక లైబ్రరీ హాల్లో జరిగింది. నది వ్యవహారాలు చూసే మండలి, ఏడుగురు సభ్యులు. వదిన లేచి ఐదు నిమిషాలు మాట్లాడింది. ఎక్కడా గొంతు పెంచలేదు. నది ఎన్ని రోజులు ఇరవై దాటింది, మడుగులో ఎన్ని చేపలు, ఆ ఆదివారానికి ముందు ఎన్ని, తర్వాత ఎన్ని. రెండు నెలలు మూయండి, అంతే, అంది. ఆ ఇంగ్లీషులో ఇంకా నరసాపురం ఉంది.

తర్వాత పిలిచిన పేరు వెంకటస్వామి గారిది. గాలం వేసేవాళ్ల సంఘం ఒకటి ఆయన్ని వెతికి పట్టుకుని రమ్మందట. పట్టు లాల్చీ, శాలువా. ఏటి చేప మా సంస్కృతిలో భాగం, మా కుటుంబాలు ఈ నేలతో కలిసింది ఆ వాగు దగ్గరే, మూయకండి అని చెప్పాడు. అబద్ధమని తెలియకుండా చెప్పాడు, అదే ఆయనతో వచ్చిన బాధ. ఆయన పులుసు బాగుందని మేమే కదా చెప్పింది!

నేనూ పేరిచ్చాను. మూడు నిమిషాలు. అంతా చెప్పేశాను. చోటు బయటపెట్టింది నేనేనని, పులస అనుకుని పొరబడ్డామని, తినలేక చెత్తలో పారేశామని, చేపల్ని తోలుకుని మరీ చంపామని. వెంకటస్వామి గారి ముఖం నల్లబడిపోయింది. మా వాళ్లు నా వైపు చూడటం మానేశారు. నాకు మాత్రం ఒళ్లు తేలికైంది. గొప్ప పని చేశాననుకున్నాను.

ఓటు పెట్టారు. వద్దని నలుగురు, మూయమని ముగ్గురు. మూయరు. ఇంకో రెండు సీజన్లు చూసి ఆలోచిస్తారట. కొత్తగా వచ్చిన కుటుంబాలకి ఆ చోటు ముఖ్యమని ఇప్పుడే విన్నాం కదా అని ఒక సభ్యురాలు అంది. మా పద్దెనిమిది గాలాలే కారణం అన్నమాట.

బయట పార్కింగ్‌లో సన్నగా వాన. వదిన కారు తలుపు తీస్తుంటే పరిగెత్తుకుంటూ వెళ్లాను. మెచ్చుకుంటుందనుకున్నాను, దాచడం ఎందుకు.

"బాగా మాట్లాడావు జగదీష్" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అందరి ముందూ, స్వామిగారి ముందూ, భయపడకుండా మాట్లాడావు. ఆ ఆదివారం ఏమైంది ఈ నోరు?"

ఆమె ఒక్క నిమిషం ఎదురుచూసింది, నిజంగానే జవాబు కావాలన్నట్టు. తర్వాత కారెక్కి వెళ్లిపోయింది.

ఇంకా రెండు ఆగస్టులు ఆ మడుగు తెరిచే ఉంటుంది.